సవరణ: చెదల ఖర్చును అద్దెలో పట్టుకోవడం గురించి

అద్దె ఇంట్లో చెదలు పడితే రిపేరు ఖర్చు నేరుగా అద్దెలో పట్టుకోవచ్చని మొన్న రాశాను. అది తప్పు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108(ఎఫ్) ప్రకారం, అది ఓనరు చేయించాల్సిన రిపేరే అయ్యుండాలి. ముందు నోటీసిచ్చి, తగిన గడువివ్వాలి. అప్పటికీ కదలకపోతేనే మనం చేయించి అద్దెలో తగ్గించుకోవాలి. అగ్రిమెంటులో వేరేలా ఉంటే మాత్రం అదే చెల్లుతుంది. (సంతకం పెట్టాక దాన్ని ఎవరు చదువుతారు లెండి!)

ఇంకోటి, అద్దెకుండేవాళ్ళకు ఏ బాధ్యతా లేదన్నట్టు రాశాను. అదీ సరికాదు. నష్టం మన వల్లే జరిగితే, ఓనరు నోటీసిచ్చిన 3 నెలల్లో మనమే బాగుచేయించాలి. అందుకే గోడ వెంట మట్టి గీత కనిపించినా, ద్వారబంధం తడితే డొల్లగా మోగినా, వెంటనే ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి.