'ప్లీజ్ కోరిలేట్ క్లినికల్లీ' గారికి

మహారాజశ్రీ గారికి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను. అది తేల్చాల్సిందే మీరు కాబట్టి ఆ లైను ఖాళీగా వదిలేశాను.

నా ప్రతి రక్తపరీక్ష రిపోర్టు అడుగునా మీరు చీమ తలకాయంత అక్షరాల్లో కూర్చుని ఉంటారు. పైన 'ఏఎన్ఏ పాజిటివ్, 1:160' అని లావుపాటి అక్షరాలు. ఒంటి సొంత కణాలనే గురిపెట్టే యాంటీబాడీలను వెతికే పరీక్ష అది. అంటే నా రక్తపు సీరమ్‌ను 160 రెట్లు పలచన చేసినా (మా పాలవాడు కూడా అన్ని నీళ్లు కలపడు) అది ఇంకా నామీదే చాడీలు చెబుతోందన్నమాట. అది చదివి నా గుండె జారేలోపు కింద మీరు చేతులు దులిపేసుకుంటారు: లక్షణాలతో పోల్చి చూసుకోండి అని.

ఎవరు పోల్చాలండీ? ఎముకల డాక్టరు కాల్షియం రాశారు. ఫిజీషియన్ డి విటమిన్ రాసి, టెన్షన్ తగ్గించుకోమన్నారు. మా అత్తయ్య "వేడి చేసిందే, సబ్జా నీళ్లు తాగు" అంది. ఫీజు అడగనిది ఆవిడొక్కతే.

నా లక్షణాలు ఉదయం ఆరింటికి స్టవ్ దగ్గర దొరుకుతాయి. వేళ్లు ముడుచుకోవు. గ్యాస్ లైటర్ ఒక చేత్తో నొక్కలేక, అరచేతుల మధ్య పెట్టి తులసికోటకు దణ్ణం పెట్టినట్టు నొక్కుతాను. మూడోసారికి టక్కుమంటుంది. మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి, నా టోకెన్ పిలిచేసరికి పదకొండున్నర. "పిడికిలి బిగించండమ్మా" అంటారు. శుభ్రంగా బిగుస్తుంది. నా చెయ్యే నాకు ఎదురు సాక్ష్యం.

చివరికి ఒక రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం జబ్బుల డాక్టరమ్మ, కూర్చోబెట్టి చెప్పారు. 1:160 ఆరోగ్యవంతుల్లో కూడా నూటికి అయిదుగురిలో ఉంటుందట. లూపస్‌కు (ఒంటి రోగనిరోధక శక్తి ఒంటిమీదే తిరగబడే జబ్బు) 2019లో పెట్టిన లెక్కలో ఏఎన్ఏ వట్టి హాల్ టికెట్. ఆ పైన కనీసం 10 మార్కులు రావాలి. కీళ్లకు 6, జుట్టు రాలినందుకు 2. మొత్తం 8! ఎంసెట్ కోచింగ్ సెంటర్ల మధ్య ఇరవయ్యేళ్లు కాపురం చేసి, రోగంలో రెండు మార్కులకు పోయాను. అసలా లెక్క పరిశోధనల కోసమనీ, జబ్బు తేల్చడానికి అదొక్కటే చాలదనీ ఆ డాక్టరమ్మే అన్నారు. మా ఇంట్లో మాత్రం "ఫెయిలయ్యావుగా, మంచిదే" అని స్వీట్లు తెచ్చారు. వాళ్లనేం అనను. ఆ డబ్బా మూత కూడా మా వాడే తీశాడు.

పొద్దున్నే వాచిన వేళ్లను ఫొటో తీసి పెట్టమన్నారు డాక్టరుగారు. ఇప్పుడు రోజూ ఆరింటికి మా వాడు నిద్రకళ్లతో ఫోన్ పట్టుకుని "కదపకమ్మా, బ్లర్ అవుతోంది" అంటాడు. కదిలితే ఈ బాధ ఎందుకురా అంటాను.

మొత్తం పద్నాలుగు ఫొటోలు ఈ లేఖకు జతచేశాను. దయచేసి కోరిలేట్ చేసుకోగలరు.

ఇట్లు,
8 మార్కుల పేషెంటు