ఏ పత్రాన్నీ కాదనలేని ప్రధానాంశం ఎందుకు?

‘భాషా బోధన: సవాళ్లు, అవకాశాలు’. మన డిగ్రీ కళాశాలల జాతీయ సదస్సుల బ్రోచర్లలో ప్రధానాంశంగా (థీమ్‌గా) ఈ తరహా శీర్షిక తరచూ ఎదురవుతుంది. సవాళ్లూ అవకాశాలూ లేని విషయం లోకంలో ఉండదు కాబట్టి దాని కింద ఏ పత్రమైనా ఇమిడిపోతుంది. శతక సాహిత్యం మీద పాత ఎంఫిల్ అధ్యాయం ఒకరు పంపుతారు. పదో తరగతి పాఠ్యపుస్తకం మీద సమీక్ష ఇంకొకరు పంపుతారు. దేన్నీ కాదనడానికి పరిశీలకులకు ఆధారం దొరకదు. చివరికి ఒక్కో సెషన్‌లో ఎనిమిది మంది తలా పది నిమిషాలు చదివి, సర్టిఫికెట్ తీసుకుని బస్సెక్కుతారు.

ఇలా జరగడానికి కారణాలు లేకపోలేదు. కళాశాలల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ నాక్ మదింపులో సదస్సుల సంఖ్య, సంకలనాల్లో అచ్చైన పత్రాల సంఖ్య లెక్కకొస్తాయి. రిజిస్ట్రేషన్ రుసుముతోనే భోజనాల ఖర్చు గట్టెక్కాలి. శీర్షిక ఎంత వెడల్పుగా ఉంటే అంతమంది వస్తారని కన్వీనర్ ఆశ. రచన నేర్పడం మీద పెట్టే సదస్సుకు మాత్రం ఈ వెడల్పు వల్ల పెద్ద నష్టమే జరుగుతుంది. ఆ పని విద్యార్థి నోటు పుస్తకం మీద, వాక్యం వాక్యం దగ్గర జరిగేది. దాన్ని ముప్పై దిక్కుల నుంచి తలోమాటగా మాట్లాడితే సోమవారం తరగతికి వెళ్లే ఉపాధ్యాయుడి చేతిలో ఏమీ ఉండదు.

ప్రధానాంశం నుంచి మనం ఆశించవలసింది రెండు పనులు. వచ్చిన పత్రాల్లో కొన్నింటిని మర్యాదగా వెనక్కి పంపడానికి అది ఆధారం ఇవ్వాలి. మిగిలినవాళ్లు తమ పత్రాన్ని తిరగరాసుకునేలా చేయాలి. ఒక ప్రశ్న ఈ రెండు పనులూ చేయగలదు. నామవాచకాల దండ చేయలేదు.

1966 వేసవి చివర్లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో అమెరికా, బ్రిటన్ దేశాల ఇంగ్లిష్ బోధకులు దాదాపు నెల రోజులు కూర్చుని చర్చించారు. వాళ్ల ముందున్న మొదటి ప్రశ్న ‘ఇంగ్లిష్ అంటే ఏమిటి?’ అమెరికా నుంచి ఆల్బర్ట్ కిట్జ్‌హేబర్ ఆ ప్రశ్న మీద పత్రం చదివారు, బ్రిటన్ నుంచి వచ్చిన జేమ్స్ బ్రిటన్ దానికి స్పందించారు. ఇంగ్లిష్‌ను వరుస క్రమంలో అందించవలసిన జ్ఞానంగా చూడాలా, పిల్లలు తమ అనుభవాన్ని భాషలో పెట్టుకునే పనిగా చూడాలా అన్న వాదం అక్కడ పదునెక్కింది. రచనాబోధన చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ ఆ సదస్సు దగ్గర ఆగుతారు. ప్రశ్న వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. జవాబు చెప్పాలంటే మాత్రం ఏదో ఒక పక్షం తీసుకోక తప్పదు, దాని బలమంతా అందులోనే ఉంది.

రచనాబోధన మీద అమెరికాలో ఏటా జరిగే పెద్ద సదస్సు ‘కాన్ఫరెన్స్ ఆన్ కాలేజ్ కాంపోజిషన్ అండ్ కమ్యూనికేషన్’. 1949లో మొదలైంది. అక్కడ ప్రధానాంశం నిర్ణయించేది ఒక్కరు. సభ్యులు ఓటేసి ఎన్నుకున్న కార్యక్రమ అధ్యక్షులే పత్రాలు పంపమని కోరే ప్రకటన రాస్తారు, తర్వాత అదే పేరున్న సంస్థకు అధ్యక్షులవుతారు. అందుకే ఏ ఏటి ప్రకటనకు ఆ ఏటి గొంతు ఉంటుంది. మన దగ్గర ముసాయిదా కమిటీకి వెళ్లగానే ప్రతి సభ్యుడూ తన పరిశోధనకు చోటు దక్కేలా ఒక ‘మరియు’ చేర్చిస్తాడు. ముసాయిదా ఒక్కరే రాయాలి. కమిటీకి ప్రశ్నించే హక్కు, తీసేసే హక్కు ఉండాలి, చేర్చే హక్కు ఉండకూడదు.

ఆ సదస్సు శీర్షికల్లోనూ తేడాలు చూడవచ్చు. ఆర్చ్ ద్వారానికి పేరుపడ్డ సెయింట్ లూయిస్‌లో 2012లో ‘రైటింగ్ గేట్‌వేస్’ (రచనా ద్వారాలు) అన్నారు. ఊరికీ అంశానికీ ముడి పడింది, బాగుంది. అయితే ఇలాంటి రూపకానికి ఏ పత్రాన్నయినా తగిలించవచ్చు. రూపకం పెట్టుకుంటే దాని కింద గట్టి ప్రశ్నలు ఉండి తీరాలి.

పిట్స్‌బర్గ్‌లో జరిగిన 2019 సదస్సు సంగతి వేరు. కార్యక్రమ అధ్యక్షులు వెర్షాన్ అశాంటి యంగ్ తన ప్రకటనను నల్లజాతి అమెరికన్ల ఇంగ్లిష్‌లో రాశారు. విద్యార్థులకు తమ సొంత భాషారూపాల మీద హక్కుందని అదే సంస్థ 1974లో తీర్మానించింది. ఆ మాటను ప్రకటన భాషలోనే చేసి చూపించడంతో సదస్సుకు నెలల ముందే తీవ్రమైన చర్చ లేచింది. ప్రకటన దశలోనే వాదం పుట్టిందంటే ప్రధానాంశం తన పని మొదలుపెట్టినట్టే.

తెలుగువాళ్లకు ఈ తగువు కొత్తది కాదు. మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలో విద్యార్థుల కాంపోజిషన్ ఏ తెలుగులో ఉండాలన్న వివాదంలో గురజాడ 1914లో అసమ్మతి పత్రం సమర్పించారు. గిడుగు రామమూర్తి పోరాటమూ ఆ నేపథ్యంలోదే. నూరేళ్లు దాటినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. శ్రీకాకుళం పిల్లవాడో పాలమూరు పిల్లో ఇంటి మాటతో వాక్యం రాస్తే ఉపాధ్యాయుడు దాని కింద గీత గీయాలా? ఈ ఒక్క ప్రశ్న మీద రెండు రోజుల సదస్సు నడపవచ్చు. ‘మాండలికాలు, బోధన’ అని పెడితే మాత్రం పదాల పట్టికలే వస్తాయి.

ఇక ఎంచే పద్ధతి. తరగతి గదిలో పదేపదే ఎదురయ్యే ఒక ఇబ్బంది నుంచి మొదలుపెట్టాలి. ‘రచనా నైపుణ్యాల అభివృద్ధి’ ఎవరి ఇబ్బందీ కాదు. అరవై మంది ఉన్న తరగతిలో పిల్లలు రాసింది ఎవరు, ఎప్పుడు, ఎలా చదవాలన్నది అందరి ఇబ్బంది. అందులోంచి నాలుగైదు ఉపప్రశ్నలు తీయాలి. తప్పులన్నీ దిద్దాలా, రెండు రకాలే దిద్దాలా? మార్కు, వ్యాఖ్య ఒకేసారి ఇస్తే విద్యార్థి వ్యాఖ్య చదువుతాడా? గైడులో బట్టీపట్టి రాసిన వ్యాసానికి ఏమని జవాబు రాయాలి? రెండో ప్రతి రాయించడానికి పీరియడ్లు ఎక్కడివి? ఉపాంశాలు ఇరవై పెడితే ప్రధానాంశం చచ్చిపోతుంది. ‘సంబంధిత ఇతర అంశాలు’ అన్న చివరి వరుసను నిర్దాక్షిణ్యంగా కొట్టేయాలి.

తర్వాత పరీక్ష. ఆ అంశం కింద రాగల పన్నెండు పత్రాల శీర్షికలు ఊహించి రాయండి. తిరస్కరించదగినవి మూడు కూడా రాయండి. ఆ మూడు తోచకపోతే అంశం ఇంకా వెడల్పుగా ఉందని అర్థం. ముసాయిదాను ఒక హైస్కూలు తెలుగు ఉపాధ్యాయుడికి, ఒక డిగ్రీ ఇంగ్లిష్ అధ్యాపకురాలికి, ఒక పరిశోధక విద్యార్థికి చూపించి, మీరైతే ఏం రాస్తారని అడగండి. ముగ్గురూ ఒకే పత్రం చెబితే అంశం ఇరుకు. ముగ్గురూ ఇప్పటికే తమ దగ్గరున్న పత్రాల పేర్లు చెబితే అంశం వదులు.

చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చినప్పటి నుంచి ‘కృత్రిమ మేధ యుగంలో రచన’ అనే శీర్షికకు గిరాకీ పెరిగింది. ఈ అంశం అవసరమే. కానీ పరికరం పేరు మీద పెడితే సంకలనం అచ్చయ్యేలోపు పాతబడుతుంది. ఇంట్లో రాసుకొచ్చిన వ్యాసానికి మార్కులు వేయవచ్చా అని అడిగితే పరికరాలు మారినా ప్రశ్న నిలుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పేది కాలం లెక్క. తరగతి నుంచి ఆధారాలు తెమ్మని అడిగి, డిసెంబరులో ప్రకటన ఇచ్చి, ఫిబ్రవరిలో సదస్సు పెడితే ఎవరైనా ఏం తేగలరు? పిల్లల మొదటి ప్రతి, రెండో ప్రతి పోగుచేయడానికి కనీసం ఒక సెమిస్టరు కావాలి. ఫిబ్రవరి సదస్సుకు ప్రకటన జూన్‌లో, తరగతులు మొదలయ్యేలోపు రావాలి. సంక్షిప్తులు (పత్రాల సారాంశాలు) అక్టోబరుకు, ఎంపిక ఫలితాలు నవంబరుకు, పూర్తి పత్రాలు సదస్సుకు మూడు వారాల ముందు అందాలి. సంక్షిప్తి మూడు వందల పదాల్లో ఉండాలి. అందులో ఏ ఉపప్రశ్నకు జవాబిస్తున్నారు, ఏ ఆధారంతో ఇస్తున్నారు అనేవి విడిగా రాయించాలి. ఆ రెండు వాక్యాలు లేని సంక్షిప్తిని పరిశీలకుడు నిమిషంలో పక్కన పెట్టవచ్చు.

ఎన్ని పత్రాలు తీసుకోవాలో గంటలే చెబుతాయి. రెండు రోజుల్లో ప్రారంభ, ముగింపు సభలు, భోజనం, టీ పోగా మిగిలేది దాదాపు ఎనిమిదిన్నర గంటలు. పత్రానికి ఇరవై నిమిషాలు, దాని మీద చర్చకు పది నిమిషాలు అనుకుంటే ఒక హాలులో 17 పత్రాలు పడతాయి. ముప్పై తీసుకుంటే ముందు పోయేది చర్చకు పెట్టుకున్న ఆ పది నిమిషాలే.