తెచ్చిపెట్టుకున్న యాస గారికి

మహారాజశ్రీ తెచ్చిపెట్టుకున్న యాస గారికి,

ఉభయకుశలోపరి. బెంగళూరు మారతహళ్ళిలో తమరి వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతున్నందుకు సంతోషం. విదేశాలకు వెళ్ళే నర్సులకు ఇంగ్లీషు నేర్పుతామనే బోర్డుల వెనక కొలువుండేది తమరే కదా. మా వార్డులోని చిత్తూరు జిల్లా అమ్మాయి నోట తమరు ప్రవేశించిన నాటి నుంచి 'వాటర్'లో 'ట' మాయమైంది. నర్సమ్మకు జలుబు చేసిందేమోనని రోగులు జాలిపడుతున్నారు.

ఆమె రాయబోయేది ఓఈటీ (ఆక్యుపేషనల్ ఇంగ్లీష్ టెస్ట్) అనే ఇంగ్లీషు పరీక్ష. ఆస్ట్రేలియాలో 1980ల చివర్లో వైద్య వృత్తులవారి కోసమే పుట్టిన పరీక్ష. మాట్లాడే భాగంలో రెండు సన్నివేశాలు. ఒక్కోదానికి సన్నివేశం రాసి ఇచ్చే కార్డు చదువుకోవడానికి 3 నిమిషాలు, రోగిగా నటించేవారితో మాట్లాడటానికి సుమారు 5 నిమిషాలు. మార్కులు వేసేది మాత్రం ఆ నటించినవారు కాదు, రికార్డింగు వినే వేరే వాళ్ళు. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే ఈ మాట్లాడే భాగంలో 500కు 350 రావాలి. దేనికెన్ని మార్కులో ఆ పట్టికంతా గాలించాను. క్షమించాలి, తమరి ఊసే లేదు! వినేవారికి శ్రమ లేకుండా అర్థమైతే చాలట, సొంత యాస ఉన్నా ఫరవాలేదట. పైగా రోగి మనసులో ఏముందో అడిగారా, చెప్పింది అర్థమైందో లేదో కనుక్కున్నారా అని చూస్తారు.

ఆ పిల్లకు ఇవి వెన్నతో పెట్టిన విద్యలు. మొన్న రాత్రి మదనపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఇన్సులిన్ వద్దని మొండికేశాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "ఏం తాతా, సూదంటే భయమా? జీవితాంతం వేసుకోవాలనా?" అని అడిగింది. రెండోదేనన్నాడు. నెమ్మదిగా అంతా చెప్పి, "ఇప్పుడు నువ్వు చెప్పు చూద్దాం" అని ఆయన చేతే చెప్పించింది. మర్నాడు శిక్షణ గదిలో మోకాలి నొప్పి కార్డు ఇస్తే, ఇదే మనిషి 'రోగి'ని ఒక్క ప్రశ్న అడగలేదు. ధ్యాసంతా నాలుక ఎక్కడ మడవాలన్న దాని మీదే.

నవ్వులాట కాని సంగతి ఇంకొకటుంది. ఇంగ్లీషులో పదిహేనూ యాభయ్యీ చెవికి దగ్గరగా వినిపిస్తాయి. అందుకే మోతాదు చెప్పేటప్పుడు 'ఒన్ ఫైవ్' అని అంకెలు విడదీయమంటారు. తమరి పరుగులో ఆ తేడా కొట్టుకుపోతోంది. యాస అదిరింది, షుగరు రోగి గతి దేవుడెరుగు.

కనుక మనవి: పరీక్షలోపే ఆ పిల్ల నాలుక ఖాళీ చేయండి. కట్టిన ఫీజు తిరిగి అడగము. ఖాళీ చేసేవారి అడ్వాన్సు పట్టుకునే బెంగళూరు ఇంటి యజమానుల లాగే, పెయింటింగు ఖర్చు కింద ఉంచేసుకోండి.

ఇట్లు,
రాత్రి డ్యూటీ సీనియర్ నర్సు