రాయి చెప్పేది మందాన్నే
ఆండీస్ పర్వతాలు ఎంత ఎత్తుకు లేచాయో అక్కడి అగ్నిపర్వత శిలల్లోని స్ట్రాన్షియం, ఇట్రియం అనే మూలకాల నిష్పత్తే చెబుతుందని నేను చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త రాశారు గాని, అది నేరుగా చెప్పేది భూపటలం, అంటే భూమి పైనున్న గట్టి పొర, మందాన్ని మాత్రమే. పటలం మందంగా ఉన్నచోట అడుగున ఒత్తిడి ఎక్కువై ప్లేజియోక్లేజ్ అనే ఖనిజం నిలవలేదు కనుక, అది పట్టి ఉంచవలసిన స్ట్రాన్షియం శిలాద్రవంలోనే మిగిలిపోతుంది. అదే లోతులో ఏర్పడే గార్నెట్ అనే ఖనిజం మాత్రం ఇట్రియాన్ని తనలోకి లాగేసుకుంటుంది, అందువల్ల పైకి ఉబికివచ్చే లావాలో ఆ నిష్పత్తి పెరుగుతుంది. మందం నుంచి ఎత్తును రాబట్టాలంటే, నీటిలో దుంగ తేలినట్టు దాని కిందనున్న బరువైన మాంటిల్ పొర మీద పటలం తేలుతోందన్న లెక్కను ఆశ్రయించాలి. అయితే పటలం అడుగునున్న బరువైన పొర ఊడి మాంటిల్‌లోకి జారిపోతే, పటలం మందం పెరగకుండానే నేల పైకి లేస్తుంది. సిలికా తక్కువగా ఉండే బసాల్టును, సిలికా మరీ ఎక్కువైన రాళ్లను పక్కన పెట్టి మధ్యరకం శిలలనే ఈ పనికి ఎంచుకోవాలన్న సంగతిని వ్యాసం ప్రస్తావించకపోవడం నాకు పెద్ద లోటుగానే తోచింది.