ఆ పాముల మెసేజ్ ఇక పంపకండి

వారంలో ఐదుసార్లు వచ్చింది నాకు. అపార్ట్‌మెంట్ గ్రూపులో, బడి స్నేహితుల గ్రూపులో, ఆఖరికి మా పిన్ని నుంచి కూడా. "వానలు పడ్డాయి, హైదరాబాద్ కాలనీల్లోకి పాములొస్తున్నాయి. కనపడితే చంపండి, వదిలేస్తే పగబడతాయి. గోడ చుట్టూ వెల్లుల్లి నీళ్లు, ఫినాయిల్ చల్లండి. పాములు పట్టేవాళ్లను పిలవద్దు, విషం అమ్ముకుంటారు, రీల్స్ చేసుకుంటారు. కాటేస్తే తాడుతో బిగించి, బ్లేడుతో కోసి, విషం పీల్చేయండి."

పాము పగబట్టదు. వెల్లుల్లికి, ఫినాయిల్‌కు ఆగదు. వాటి గురించి ఇంతకంటే చెప్పను.

ప్రాణం తీసేది ఆ చివరి సలహా. రక్తపింజర కాటేస్తే రక్తం గడ్డకట్టే గుణమే దెబ్బతింటుంది. అలాంటి మనిషిని బ్లేడుతో కోస్తే నెత్తురు ఎలా ఆగుతుంది? తాడు బిగిస్తే కాలు చచ్చుబడుతుంది. కట్లపామైతే రాత్రిపూట, నేల మీద నిద్రపోయేవాళ్లను కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, చాలాసార్లు గాటు కూడా కనపడదు. కాసేపటికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, ఆపైన ఊపిరి అందకపోవడం. మరి ఎక్కడ కోస్తారు, ఏం పీలుస్తారు? మందు ఒక్కటే, యాంటీవెనమ్, అంటే పాము విషానికి విరుగుడు. మన దగ్గర దొరికేది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది, అందుకని పామును చంపి ఆస్పత్రికి మోసుకెళ్లే పనిలేదు. కాలి పట్టీలు, ఉంగరాలు తీసేయండి, కాటు పడిన కాలో చెయ్యో కదలనివ్వకండి, 108కి ఫోన్ చేయండి. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని అంచనా. ఇది తెలిశాక కూడా జనం చేతికి బ్లేడు ఇవ్వాలని ఎలా అనిపిస్తోంది మీకు?

ఇక విషం అమ్మకం. యాంటీవెనమ్ తయారీకి కావలసిన విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో పాములు పట్టే ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి, ప్రభుత్వ అనుమతితో వస్తుంది. ఇక్కడ హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లు 1995 నుంచి పాములను పట్టి, అటవీశాఖతో కలిసి అడవుల్లో వదులుతున్నారు. అర్ధరాత్రి ఫోన్ చేసినా వచ్చేవాళ్ల మీద ఆధారం లేకుండా నింద వేయడం అన్యాయం.

రీల్స్ మాట మాత్రం నిజం, ఒప్పుకుంటాను. పామును మెడలో వేసుకుని వీడియోలు తీసుకునేవాళ్లున్నారు. అది చూసి పిల్లలు నేర్చుకుంటారు. అలాంటివాళ్లను నేనూ పిలవను.

పోయినేడు మా సెల్లార్‌లో జెర్రిపోతు కనపడింది. విషం లేనిది, ఎలుకల కోసం వచ్చింది. వాలంటీర్ వచ్చేదాకా వాచ్‌మన్, నేను దూరంగా నిలబడి టార్చ్ వేసి కనిపెట్టుకుని ఉన్నాం. పట్టుకున్నాక అతను చెత్తకుప్ప, మూతలేని డ్రైన్ చూపించి, ముందు ఇవి సరిచేయండన్నాడు. చెత్త తీయించాం. డ్రైన్‌కు జాలీ ఇంకా పడలేదు. ఈ ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో ముందు దాని గురించే అడుగుతాను.