రెండు పేజీల దౌర్జన్యం

కామర్స్ పరిశోధనకు మన విశాఖలో ఒక మర్యాద ఉంది. ముందు పీహెచ్‌డీకి రిజిస్ట్రేషన్. తర్వాత ప్రశ్నావళి జిరాక్సులు. ఆ తర్వాత గాజువాక ఆటోనగర్ నుంచి అచ్యుతాపురం దాకా షెడ్డు షెడ్డూ తిరిగి, చేయి ఖాళీగా ఉన్నవాళ్లందరి చేతా టిక్కులు. ఇంతకీ మనం కనుక్కోవాలనుకున్నది ఏమిటో సబ్మిషన్‌కి నెల ముందు తెలుస్తుంది. ఆ సస్పెన్స్‌కి ఇప్పుడు గండి పడింది.

రాబర్ట్ ఫాఫ్ అనే ఆస్ట్రేలియా ఫైనాన్స్ ప్రొఫెసర్ 2015లో ఒక టెంప్లేట్ ప్రచురించారు. పరిశోధన మొదలెట్టకముందే ఆలోచనంతా రెండు పేజీల గళ్లలో నింపాలట. రిజిస్టరై ఆరేళ్లయిన నా చేతిలో మా గైడ్ గారు మొన్న దాన్ని పెట్టి, "నింపుకురావయ్యా" అన్నారు.

టైటిల్ గడి సులువే: "చిన్న పరిశ్రమల్లో వర్కింగ్ క్యాపిటల్ నిర్వహణ - విశాఖపట్నం జిల్లాకు ప్రత్యేక ప్రస్తావనతో ఒక అధ్యయనం". ఆధారపడే కీలక పరిశోధన పత్రాలు మాత్రం మూడుకు మించకూడదట! నా దగ్గర 212 ఉన్నాయి. చదివినవెన్నని అడక్కండి.

తర్వాత శ్రీహరికోటలోలాగా మూడు, రెండు, ఒకటి. మూడంటే ఐడియా, డేటా, టూల్స్. ఏ సంస్థలు, ఎన్నేళ్ల లెక్కలు, ఎక్కడ దొరుకుతాయి? ఇవన్నీ ముందే తెలిస్తే ఇక పరిశోధన దేనికండీ?

రెండంటే రెండు ప్రశ్నలు. "కొత్తేంటి?" పాతవాళ్లు 2001-10 చూశారు, నేను 2011-20 చూస్తున్నాను. "అయితే ఏంటి?" ఇది మా మావగారు ఆరేళ్లుగా అడుగుతున్నదే. ఆయన ఏ పత్రికలోనూ ప్రచురించలేదు, అంతే తేడా.

ఒకటంటే, ఈ పరిశోధన వల్ల ఒరిగేది. ఆ గడి తెల్లగా ఉంది, బాగుంది కూడా.

చివర్లో రిస్కులు. ఇంకెవరైనా ఈ పని మనకంటే ముందే చేసేసే ప్రమాదం ఉందా? లేదు, ఎప్పుడో చేసేశారు. ఇతర రిస్కులు? ఇక్కడ మాత్రం నిజమే రాశాను: 2022 ఏప్రిల్‌లో జిల్లా మూడు ముక్కలైంది, నేను టిక్కులు పెట్టించిన అచ్యుతాపురం షెడ్లన్నీ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిపోయాయి.

గైడ్ గారు కళ్లజోడు తీశారు. "ఇప్పుడు టైటిల్ మారుస్తావా, షెడ్లు మారుస్తావా?"

"దానికి గడి లేదు సార్" అన్నాను.