‘సీమ పిల్లలకు ఈత పోటీలు ఎందుకు’ అనే మెసేజ్‌కు జవాబు

ఎండాకాలం సెలవులు వస్తే చాలు, కర్నూలు, అనంతపురం, కడప తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. దాని సారాంశం ఇది: ఒలింపిక్ ఛాంపియన్ ఫెల్ప్స్ లాంటి ఒళ్లు పుట్టుకతో వస్తేనే స్విమ్మర్ అవుతారు, నీళ్లే లేని సీమకు ఆ ఆట పనికిరాదు, కాలువలో ఈదే పిల్లాడికి కోచ్ దండగ, ఇరవై దాటితే స్విమ్మర్ పని అయిపోతుంది, ఆ తర్వాత చదువూ ఉండదు, ఉద్యోగమూ ఉండదు. కర్నూల్లో పిల్లలకు ఈత నేర్పేవాణ్ని. ఇది చదివి పిల్లల్ని మాన్పించినవాళ్లు నాకు తెలుసు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఒంటి సంగతి. మైకేల్ ఫెల్ప్స్ ఎత్తు 193 సెంటీమీటర్లు, బార చాపితే 201. ఇది నిజమే. కానీ చిన్నప్పుడు నీళ్లలో మొహం పెట్టడానికే భయపడి, వెల్లకిలా తేలడంతో ఈత మొదలుపెట్టిన పిల్లాడూ అతనే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు వెళ్లినప్పుడు అతని వయసు 15. 200 మీటర్ల బటర్‌ఫ్లైలో (రెండు చేతులూ ఒకేసారి ముందుకు విసిరి ఈదే పద్ధతి) ఐదో స్థానం, పతకం లేదు. ఆ తర్వాత కోచ్ బాబ్ బౌమన్ ఆదివారాలు కూడా వదలకుండా ఏళ్ల తరబడి ఈదించాడు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో అదే రేసు ఫైనల్లో గాగుల్స్ నిండా నీళ్లు చేరి అతనికి గోడ కనిపించలేదు. స్ట్రోకులు, అంటే చేతులు వేసిన సార్లు, లెక్కపెట్టుకుంటూ ఈది గోడ అందుకున్నాడు. టైమ్ 1:52.03 (ఒక నిమిషం 52.03 సెకన్లు), ప్రపంచ రికార్డు. కళ్లు కనిపించకపోయినా గోడ ఎన్నో స్ట్రోకుకు వస్తుందో తెలిసిందంటే అది చేతుల పొడవు వల్ల కాదు, ఆ పూల్‌ను అన్ని వేల సార్లు దాటినందువల్ల.

జపాన్‌కు చెందిన కొసుకే కితాజిమా ఎత్తు 178 సెంటీమీటర్లే. 2004, 2008 ఒలింపిక్స్ రెండింట్లోనూ 100, 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ (కప్పలా ఈదే పద్ధతి) స్వర్ణాలు రెండూ అతనివే. ఆ ఎత్తున్న కుర్రాళ్లు మన వీధికి పదిమంది దొరుకుతారు. పైస్థాయిలో పొడవు కలిసొస్తుంది, కాదనను. అయితే తొమ్మిదేళ్ల పిల్లాణ్ని పైనుంచి కిందికి చూసి చెప్పేసే మాట కాదది.

ఇక నీళ్లు. తుంగభద్ర, హంద్రీ కలిసే కర్నూల్లో నీళ్లు లేవనడం ఒక వింత. అది అలా ఉంచండి. ఈక్వటోరియల్ గినీకి సముద్రముంది. అయినా ఆ దేశపు ఎరిక్ మూసంబాని సిడ్నీ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు ఈదడానికి 1:52.72 పట్టింది, అంటే ఫెల్ప్స్‌కు 200 మీటర్లకు పట్టినంత. అంతకుముందు అతను 50 మీటర్ల పూల్ చూసింది లేదు, హోటల్లోని చిన్న పూల్‌లో సాధన చేసి వచ్చాడు. హంగరీకి సముద్రమే లేదు. టోక్యో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై స్వర్ణం మాత్రం ఆ దేశపు క్రిస్టోఫ్ మిలాక్‌దే. కావలసింది పూల్. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు అంటే 25 లక్షల లీటర్లు. వినడానికి చాలా ఎక్కువే. కానీ ఎకరం వరికి ఒక పంటకు అంతకంటే ఎక్కువే పడుతుంది. పైగా పూల్ నీళ్లను ఫిల్టర్ చేసి మళ్లీ మళ్లీ వాడతారు, ఎండకు ఆవిరైనంత మేర నింపుకుంటే సరిపోతుంది.

కాలువ మాట దగ్గర నాకు ఎక్కువ బాధ. పోయిన వేసవిలో కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ పక్క పల్లె నుంచి పద్నాలుగేళ్ల అబ్బాయి వచ్చాడు. నడుముకు బెండు కట్టుకుని తాత దగ్గర ఈత నేర్చుకున్నాడు. పారే నీళ్లకు ఎదురీదగలడు, భయమన్నదే లేదు. ఈదేటప్పుడు తల పైకెత్తే ఉంచుతాడు. కాలువలో ఎదురుగా ఏం కొట్టుకొస్తుందో చూసుకోవాలి కాబట్టి అక్కడ అదే సరైన పద్ధతి. పూల్‌లో తల లేస్తే నడుమూ కాళ్లూ కిందికి దిగిపోతాయి, ఒంటికి తగిలే నీరు వెనక్కి లాగుతుంది. పోటీలో మొదటి 25 మీటర్లు అందరికంటే ముందున్నవాడు గోడ దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, వెనక్కి తిరిగేసరికి పక్క లేన్లలో ఇద్దరు దాటేశారు. ఆ తర్వాత బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ముందొచ్చాడు, కానీ ఒంటిచేత్తో గోడ తాకాడు. డిస్‌క్వాలిఫై. బ్రెస్ట్‌స్ట్రోక్‌లోనూ, బటర్‌ఫ్లైలోనూ రెండు చేతులూ ఒకేసారి గోడకు తగలాలి. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. మొహం నీళ్లలో ఉంచి ఊపిరి వదలడం, పక్కకు తిరిగి పీల్చుకోవడం, గోడ దగ్గర పల్టీ కొట్టి కాళ్లతో తన్నుకోవడం, ఫ్రీస్టైల్లో (మామూలుగా చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ ఈదే పోటీ) నీళ్ల కిందే సాగి 15 మీటర్ల లోపు తల పైకి తేవడం... ఇవి పక్కనుండి ఎవరో ఒకరు చూసి సరిదిద్దితేనే వస్తాయి. ఇలాంటి చిన్న తేడాలే గెలుపోటములు తేలుస్తాయి: బీజింగ్‌లో ఫెల్ప్స్ 100 మీటర్ల బటర్‌ఫ్లై గెలిచింది సెకనులో నూరో వంతు తేడాతో. ఇంకొక మాట, సాధన పేరుతో పిల్లల్ని కాలువలోకి పంపకండి. ప్రతి వేసవీ మన జిల్లాల్లో ఎంతమంది తల్లులు ఏడుస్తున్నారో పేపర్లు చూస్తే తెలుస్తుంది.

ఇరవైకే అయిపోతుందన్నది శుద్ధ అబద్ధం. అమెరికా స్విమ్మర్ ఆంటొనీ ఎర్విన్ 2000లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఒలింపిక్ స్వర్ణం అందుకుని, మధ్యలో ఏళ్లపాటు ఈత వదిలేసి, తిరిగొచ్చి 2016లో 35 ఏళ్ల వయసులో అదే పతకం గెలిచాడు. అంత దూరం ఎందుకు, మన సజన్ ప్రకాశ్ ఉన్నాడు. బొగ్గు గనుల ఊరు నైవేలిలో పెరిగాడు. తల్లి శాంతిమోళ్ ఒకప్పటి అథ్లెట్. మెడ గాయంతో చాలాకాలం ఇబ్బందిపడి, 2021లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై 1:56.38లో ఈది, ఒలింపిక్ ‘ఎ’ ప్రమాణం (నేరుగా అర్హత ఇచ్చే టైమ్) అందుకున్న తొలి భారతీయ స్విమ్మర్ అయ్యాడు. అప్పటికి అతనికి 27 ఏళ్లు.

ఉద్యోగం విషయానికొస్తే, సజన్ కేరళ పోలీసు శాఖలో ఉన్నాడు. రైల్వేలు, పోలీసు, సైన్యం క్రీడాకారుల్ని తీసుకుంటూనే ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాకు ఎంపికైన పిల్లలకు ఏడాదికి 6.28 లక్షల రూపాయల సాయం ఉంది. క్రికెట్ అంత డబ్బు ఈతలో లేదు, ఆ ఆశ ఎవరికీ పెట్టను. చదువు పాడవుతుందన్నదానికి మాత్రం నేను చూసింది వేరు. మన దగ్గర ఈత వల్ల చదువు మానినవాళ్లు నాకు కనిపించలేదు. పదో తరగతి అయిపోగానే రెసిడెన్షియల్ కాలేజీలో వేసి ఈత మాన్పించినవాళ్లే కనిపించారు, అదీ సరిగ్గా టైమింగ్ మెరుగుపడుతున్న వయసులో.

ఈ మెసేజ్ రాసినవాళ్లకు నిజంగా పిల్లల మీద ప్రేమ ఉంటే అడగాల్సినవి వేరే ఉన్నాయి. మన పిల్లల్లో చాలామంది నీళ్లలోకి దిగేది ఏప్రిల్, మే నెలల్లోనే. బడి తెరిచాక కూడా పొద్దున ఐదింటికి పూల్ గేటు తీయాలి, పోటీకి తయారయ్యేవాళ్లకు రెండు లేన్లు విడిగా ఇవ్వాలి, ఆడపిల్లలకు మహిళా కోచ్ ఉండాలి. వీటికోసం సంతకాలు సేకరిస్తే మొదటి సంతకం నేను పెడతాను.